భక్తుడైన ఈనియస్: ఒక లాటిన్ కావ్యభాగము, ఒక తెలుగు మాట

లాటిన్ కవి వర్జిల్ (క్రీ.పూ. 70-19) తన ఈనియడ్ కావ్యములో నాయకుడైన ఈనియస్‌కు పదేపదే వాడిన విశేషణము 'పియుస్'. ఆ గుణమునకు పేరు 'పియెటాస్'. దీనిని తెలుగులో ధర్మమనవలెనా, నిష్ఠ అనవలెనా, భక్తి అనవలెనా అను ప్రశ్న నిఘంటువు చూచి తేల్చుకొనేది కాదు. కావ్యములోని రెండవ సర్గపు చివరి నూరు పంక్తులను ఆధారము చేసికొని మా అభిప్రాయమును ఇక్కడ వివరిస్తున్నాము.

లాటిన్ మనకు బొత్తిగా పరాయిది కాదు. 1728లో మద్రాసులో బెంజమిన్ షుల్జ్ అను మిషనరీ తెలుగు వ్యాకరణమును లాటిన్‌లోనే వ్రాశాడు. బషీర్‌బాగ్ నుండి నాలుగడుగులు వేస్తే గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసఫ్ కెథడ్రల్ వస్తుంది. రెండవ వాటికన్ మహాసభ (1962-65) వరకు అక్కడి పూజలో వినబడినది లాటినే. అయితే మనలో చాలామందికి అది ప్రార్థనల భాషగానే తెలుసు, కావ్యభాషగా కాదు. ఆ లోటు కొంతైనా తీర్చుకొనుటకు బషీర్‌బాగ్‌లో కొద్దిమంది సేవకులము కూడుకొని ఈ భాగమును చదివాము. అక్కడ తయారైన తెలుగు ప్రతులే ఈ విమర్శకు ఆధారము.

కథ ఇది. ట్రాయ్ పట్టణము తగులబడుచున్నది. ఈనియస్ సింహచర్మము కప్పుకొని, ముసలి తండ్రి ఆంకిసెస్‌ను భుజాలపై ఎత్తుకొంటాడు. ఇంటి దేవతల ప్రతిమలను తండ్రి చేతికిస్తాడు. యుద్ధములో రక్తమంటిన తన చేతులతో, పారే నీటిలో కడుగుకొనే వరకు, వాటిని ముట్టరాదు. చిన్నవాడు ఇయులస్ తండ్రి చెయ్యి పట్టుకొని నడుస్తాడు. భార్య క్రెయూసా మాత్రము దూరముగా వెనుక అడుగుజాడలలో రావలెను. పట్టణము బయట సీరిస్ దేవత పాత గుడి దగ్గరకు చేరి అందరినీ లెక్క చూచుకొంటే ఒక్కరు తక్కువ. అంతవరకు ఈనియస్ వెనుదిరిగి చూడలేదు. (లోతు కథలో వెనుక నుండి తిరిగి చూచినది భార్య. ఇక్కడ తిరిగి చూడనివాడు భర్త.)

తెలుగు పాఠకునికి వెంటనే స్ఫురించేది కావడి మోసే శ్రవణకుమారుడు. ఆ పోలిక సహాయము చేసేది సగము దూరమే, ఎందుకనగా ఆ కావడి వెనుక దూరముగా నడిచే భార్య మనకు కనబడదు. ఇంటి దేవతలకు ఒక ప్రతిలో 'విగ్రహములు' అని వ్రాశారు. అది తీర్పు, అనువాదము కాదు. రాహేలు లాబాను ఇంట దొంగిలించిన వాటికి మన బైబిలు అనువాదకులు 'గృహదేవతలు' అను మాట ఏనాడో ఇచ్చారు, అదే చాలును. రక్తమంటిన చేతులకు 'మైల' అను మన మాట చక్కగా అతికింది. పిల్లవాని నడకకు 'బుడిబుడి అడుగులు' సరిపోదు. వర్జిల్ చెప్పినది ముద్దు నడక కాదు, తండ్రి అంగలకు సరితూగని అడుగులు.

ఛందస్సు మాట కూడ చెప్పవలెను. లాటిన్ హెక్సామీటరు పాదములో ఆరు గణములు. మన లెక్కలో అవి ప్రధానముగా భగణములు, గగములు. రెండూ నాలుగు మాత్రలే. మన కందములో నడిచే ఐదు గణములలో ఈ రెండూ ఉన్నాయి. కందములో అనువదిద్దామను ఉత్సాహము అందుకే కలిగింది. కాని యతిప్రాసలు కుదుర్చుటకు లేనిమాటలు చేర్చక తప్పలేదు. అలా చేరినదే 'తనవారలందరి' అను మాట. అది చేరిన చోటు కావ్యభాగమంతటికీ ఆయువుపట్టు.

అక్కడ ఈనియస్ ఏమంటున్నాడు? శత్రువుల ఆయుధాలకు బెదరని తనకు ఇప్పుడు చిరుగాలి సవ్వడి అయినా దడ పుట్టిస్తున్నదట. ఎవరి కొరకు? లాటిన్‌లో రెండే నామవాచకములు: ఒకటి తోడు, రెండవది బరువు. రెండూ ఏకవచనములే. తోడు చెయ్యి పట్టుకొన్న కుమారుడు, బరువు భుజముపైనున్న తండ్రి. భార్య ఈ రెండింటిలోను లేదు. 'తనవారలందరి' కొరకు భయపడ్డాడని వ్రాస్తే ఆమెను దయతో లెక్కలో చేర్చినట్లవుతుంది, కాని కవి చూపిన ఖాళీ పూడిపోతుంది. ఈ కథ చెప్పుచున్నది ఈనియసే, వినుచున్నది డైడో రాణి. తన నోటితోనే తన లెక్కలోని లోపమును బయటపెట్టుకొంటున్నాడు. ఆంగ్ల పాఠకుడు భార్య వెనుక రావడమే వింత అనుకొంటాడు. మన పాఠకునికి అది మామూలే కనుక, కళ్లముందే దాటిపోతుంది. మా కూటములో దీనిని మొదట పట్టుకొన్నది ఒక పెద్దావిడ. "పిల్లవాని రెండవ చెయ్యి ఖాళీయే కదండి?" అని అడిగారు.

ఇప్పుడు 'పియెటాస్' సంగతి. భక్తి దేవునికే చెల్లునని, ఈనియస్‌కు ధర్మమో నిష్ఠయో అనవలెనని కొందరు సోదరుల వాదము. మేము అంగీకరించము. మొదటి తిమోతి 4:8లో లాటిన్ వల్గేటు 'పియెటాస్' అన్నచోట తెలుగు బైబిలు దైవభక్తి అనే మాటను ఎంచుకొన్నది. అదే పత్రిక 5:4లో ఇంటివారియెడల చూపవలసిన దానిని కూడ భక్తి అనే అన్నది. పితృభక్తి, గురుభక్తి, రాజభక్తి, దేశభక్తి అని మనము అంటూనే ఉన్నాము. తండ్రిని, దేవతలను, రాబోవు వంశమును ఒకే మాటలో మోయగలది తెలుగులో ఇదొక్కటే.

ఇంతకంటె బలమైన కారణము ఒకటున్నది. పతిభక్తి అంటే మనకు మెప్పు. పత్నీభక్తి అను మెప్పుమాట వాడుకలో లేదు. ఉన్నదల్లా 'భార్యావిధేయుడు' అను వెక్కిరింత. పియెటాస్‌లో ఏ చోటు ఖాళీగా ఉన్నదో మన భక్తిలోను ఆ చోటే ఖాళీ. ధర్మము అంటే సహధర్మచారిణి వెంటనే తోడు వస్తుంది, ఖాళీ మూసుకొనిపోతుంది. కనుక భక్తి అను మాట సరిపడేది దాని నిండుదనమువలన మాత్రమే కాదు, దాని లోటువలన కూడ. సంఘములో ఈ మాటను అనుదినము వాడే మనము ఈ లోటును తెలిసి వాడవలెను. ఎఫెసీ 5:25లో పౌలు భర్తలను అడిగినది భక్తిని కాదు, ప్రేమను.

అయితే వర్జిల్‌ను క్రైస్తవునిగా మార్చే పని మాకు లేదు. ఆయన నాలుగవ గోపగీతమును క్రీస్తును గూర్చిన ప్రవచనముగా చదివినవారు పూర్వమున్నారు. జెరోము దానిని ఎగతాళి చేశాడు. డైడో మరణమునకు కన్నీరు కార్చిన ఆగస్టీన్ కూడ తరువాత ఆ కన్నీటిని తానే తప్పుపట్టుకొన్నాడు. క్రెయూసా కొరకు ఏడ్చానని ఆయన చెప్పలేదు.

ఈనియస్ తిరిగి మండుచున్న వీధులలోనికి పరుగెత్తి ఆమె పేరు పెట్టి కేకలు వేస్తాడు. ఆమె ఛాయ మామూలు మనిషికంటె పెద్దదై కనబడి, తమ ఇద్దరి కుమారునియెడల ప్రేమ విడువవద్దని చెప్పి కరిగిపోతుంది. మూడుసార్లు కౌగిలించబోతాడు, మూడుసార్లును చేతికి చిక్కదు. ఆ మూడు పంక్తులను వర్జిల్ ఆరవ సర్గములో మృతుల లోకమందు ఆంకిసెస్ ఛాయను కౌగిలించబోయినప్పుడు అక్షరమైనా మార్చకుండ మరల వాడాడు. మా ప్రతులలో ఒకటి రెండవచోట తండ్రి కొరకు బరువైన సమాసములు ఎక్కించింది. వాటిని తీసివేయవలెను. రెండవ సర్గములో భార్యకు ఏ తెలుగు మాటలు ఇచ్చామో, ఆరవ సర్గములో తండ్రికిని అవే ఉండవలెను.