సామాన్య విశ్వాసి పిలుపును వివేచించుట: రెండు జీవితముల పునఃపరిశీలన

ఉపోద్ఘాతము

మన సంఘములలో ఎవరైనా "ప్రభువు నన్ను పరిచర్యకు పిలిచాడు" అని చెబితే, వినేవారు సాధారణంగా రెండు ప్రశ్నలు వేస్తారు: ఉద్యోగము ఎప్పుడు మానేస్తావు? ఏ సెమినరీలో చేరతావు? ఈ రెండింటికీ జవాబు లేనివానికి పిలుపు లేదనో, ఉన్నా అది రెండవ తరగతి పిలుపనో లోలోపల అనుకుంటాము. "పిలుపు" అనే మాటను ఇలా "పూర్తికాల సేవ"కు మాత్రమే పరిమితము చేయడము వాక్యానుసారమైనది కాదు, మన ఉత్తరాంధ్ర సంఘచరిత్రకు కూడా సరిపడదు అని ఈ వ్యాసము వాదిస్తుంది. ఇందుకు మనము తరచుగా చెప్పుకొనే ఇద్దరి జీవితములను మరల పరిశీలిద్దాము.

1. పురుషోత్తమ చౌదరి: ఒంటరిగా వినని పిలుపు

"ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" చేతబట్టిన ప్రతివారికీ పురుషోత్తమ చౌదరిగారి పేరు తెలుసు. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతములో బ్రాహ్మణ కుటుంబములో జన్మించారు. తండ్రి పేరు కూర్మనాథ చౌదరి. శ్రీకూర్మములో వెలసిన దేవుని పేరు అది.  1833లో కటకములో బాప్తిస్మము పొందారు.

ఈ చరిత్రను చెప్పేటప్పుడు మనము "ఒక కరపత్రము చదివారు, మారుమనస్సు పొందారు, కీర్తనలు వ్రాశారు" అని మూడు మాటలలో ముగిస్తాము. ఇందులో రెండు విషయములు జారిపోతున్నాయి. మొదటిది, ఆయన ఒంటరిగా నిర్ణయించుకోలేదు. కరపత్రమునకు, బాప్తిస్మమునకు మధ్య మనుష్యులున్నారు: శ్రీకాకుళములోని హెలెన్ నాట్ పరిచయము, విశాఖపట్నములోని మిషనరీల సహవాసము. అంతరంగములో కలిగిన ప్రేరణను ఇతర విశ్వాసులు విన్నారు, ప్రశ్నించారు, దారి చూపారు. వారిలో ఒకరు అభిషేకము లేని స్త్రీ అన్న సంగతి గమనించదగినది.

రెండవది, పిలుపు ఆయనకున్న వరమును రద్దు చేయలేదు. ఛందస్సు, రాగము, పద్యరచన ఆయనకు క్రైస్తవుడు కాకముందే తెలుసు. ఆ విద్యే కీర్తనలైంది. తరువాత ఆయన జీవితమంతా సువార్త సేవకే వెళ్లింది గనుక ఆయనను సామాన్య విశ్వాసికి మాదిరిగా నేరుగా చూపలేము. అయినా పిలుపును వివేచించిన పద్ధతి మాత్రము అందరికీ వర్తిస్తుంది.

2. తోమాస్ గాబ్రియేలు: అడగని ప్రశ్న

కెనడియన్ బాప్టిస్టు మిషను చరిత్రలో తోమాస్ గాబ్రియేలుగారి పేరు మొదటి పుటలోనే ఉంటుంది. ఆయన ప్రభుత్వ టెలిగ్రాఫు శాఖలో ఉద్యోగి. సువార్త భారముతో ఉద్యోగము వదిలి, ఏ మిషను జీతమూ లేకుండా కాకినాడ ప్రాంతములో సంఘములు కూర్చారు. పోషణకు వ్యాపారము చేశారు. అది నష్టపోయి అప్పులు మిగిలాయి. తెలుగు ప్రాంతములో అప్పటికే అమెరికన్ బాప్టిస్టులతో పనిచేస్తున్న కెనడా దేశస్థుడు జాన్ మెక్లారిన్‌ను ఆయన సహాయము కోరారు. 1874 మార్చిలో మెక్లారిన్ కాకినాడ వచ్చారు. ఏడాది తిరగకముందే, 1875 జనవరిలో, గాబ్రియేలుగారు కన్నుమూశారు.

దీనిని మనము త్యాగగాథగా చెబుతాము. అది త్యాగమే, సందేహము లేదు. అయితే ఆ కథలో ఒక ప్రశ్న మనము అడగము. టెలిగ్రాఫు ఆఫీసులో ఉంటూ ఆయన చేసిన సాక్ష్యము పరిచర్య కాదా? ఉద్యోగము మానితేనే పిలుపు నిజమవుతుందా? ఆయన నిర్ణయము తప్పని తీర్పు తీర్చుట మన పని కాదు. దాని ఫలమును మనమందరము అనుభవిస్తున్నాము. కాని ఆ నిర్ణయపు భారమును అప్పటి సంఘము ఎంత మోసింది అన్న ప్రశ్న మిగిలే ఉంది. తెలుగువాడు తన చేతులతో ప్రారంభించిన పని అప్పు కారణముగా విదేశీ మిషను చేతిలోకి వెళ్లింది. ఒకరి పిలుపుకు పదిమంది బాధ్యత వహించకపోతే ఏమి జరుగుతుందో దీనిలో కనబడుతుంది.

3. వాక్యము ఏమి చూపుతుంది?

ఆమోసు తాను ప్రవక్తల వంశమువాడు కాడని చెప్పుకొన్న పశువుల కాపరి. కొరింథులో పౌలు డేరాలు కుట్టాడు. అదే వృత్తిలో ఉన్న అకుల, ప్రిస్కిల్ల అపొల్లోకు దేవుని మార్గమును విశదపరచారు. పండితుడైన ప్రసంగికునికి బోధించినవారు చేతిపనివారు! అంతియొకయలో బర్నబా, సౌలులను పంపినప్పుడు ఆత్మ మాటలాడినది ఉపవాసముతో ఆరాధిస్తున్న సంఘములో. పిలుపు వ్యక్తికే, వివేచన సంఘానిది.

మన తెలుగు నేలలోనే దోర్నకల్ బిషప్ అజరయ్యగారి ఉదాహరణ ఉంది. 1903లో తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘమును, 1905లో జాతీయ మిషనరీ సంఘమును స్థాపించుటలో ముందున్నప్పుడు ఆయన వై.ఎం.సి.ఎ. కార్యదర్శి, అభిషేకము పొందనివాడు. అభిషేకము 1909లో, బిషప్ పదవి 1912లో వచ్చాయి. దోర్నకల్‌లో కొత్తగా బాప్తిస్మము పొందినవారు తలపై చేయి ఉంచుకొని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని ఒప్పుకొనే ఆచారము పెట్టారు. సాక్ష్యము చెప్పుట బాప్తిస్మముతోనే వచ్చే బాధ్యత అన్నదే దాని భావము.

4. నేటి సంఘమునకు

శ్రీకూర్మము వంటి గ్రామములలో, ఆ తీరపు మత్స్యకార పేటలలో, ఒక పాస్టరుగారు నాలుగైదు చోట్ల ఆరాధన జరిపించవలసి రావచ్చు. ఆయన లేని ఆదివారము వాక్యము చదివేది టీచరు, రోగి యొద్ద ప్రార్థించేది నర్సు, పిల్లలకు పాట నేర్పేది డ్వాక్రా సంఘములోని అమ్మ. ఒకప్పుడు బైబిలు స్త్రీలు చేసిన పనే ఇది. వీరిని "సహాయకులు" అని పిలిచి ఊరుకుంటున్నాము.

మరొకవైపు, జబ్బు నయమైతే బిడ్డను సేవకు ఇస్తామన్న మొక్కుబడి, ఒక కల, ఉద్యోగము రాకపోవడము — ఇవే పిలుపుకు రుజువులుగా సాక్ష్యములలో వినబడుతున్నాయి. దేవుడు వీటిని వాడుకోడని అనలేము. కాని ఇవన్నీ "నాకేమి జరిగింది" అన్నదే చెబుతాయి. "సంఘమునకేమి అవసరము" అన్నది చెప్పవు.

కాబట్టి యౌవనస్థుడు పిలుపు గురించి చెప్పినప్పుడు పాస్టరు అడుగవలసిన ప్రశ్నలు వేరు. బిరుదు లేకుండా, జీతము లేకుండా ఇప్పుడు ఏ పని చేస్తున్నాడు? ఆ పనిలో ఆత్మీయ మేలు పొందామని ఎవరు చెబుతారు? ఇంటివారి సమ్మతి, అప్పుల సంగతి ఏమిటి? ఉన్న వృత్తిని వదిలితేనే ఈ పని జరుగుతుందా, లేక ఆ వృత్తే దీనికి వాకిలియా?

ముగింపు

కొందరిని ప్రభువు వలలు విడిచి రమ్మన్నాడు. దయ్యములు పట్టినవాడు వెంట వస్తానంటే ఇంటికి వెళ్లి తనవారికి చెప్పమన్నాడు. రెండూ పిలుపులే. మొదటిదానికి మన యొద్ద ప్రవేశపరీక్ష, పట్టా, అభిషేక ఆరాధన ఉన్నాయి. రెండవదానికి కనీసము సంఘము ఎదుట నిలువబెట్టి చేయు ఒక ప్రార్థన, ఏడాదికొకసారి కూర్చుండి వినే ఒక పెద్దల కమిటీ అయినా ఉండవలెను. అంతవరకు గాబ్రియేలుగారి వంటివారిని పొగడుతూనే వారి భారమును వారిమీదే వదిలేస్తుంటాము.