వెంట్రుక కంటే సన్నని జల్లెడ

ఆమదాలవలసలో రాజమండ్రి వైపు రైలెక్కితే కాసేపటికి దూసి, ఆ తర్వాత పొందూరు వస్తాయి. పొందూరులో సన్నఖాదీకి నూలు వడికే ఆడవాళ్లు వాలుగ చేప దవడతో పత్తిని ఏకుతారు. ఆ సన్నటి పళ్లు నలుసును వదిలించి పోగును తిన్నగా చేస్తాయి. అక్కడ పని చెడితే రాట్నం మీద ఎంత నేర్పు చూపినా నూలు సన్నబడదు. రాళ్లలోంచి సముద్రపు సూక్ష్మజీవుల శిలాజాలను ఏరి, జాతి తేల్చే వాళ్ల పని గురించి చదివినప్పుడల్లా నాకు ఆ దవడే గుర్తొస్తుంది.

ఆ శిలాజాలు మన శ్రీకాకుళం వైపు కొండల్లో దొరకవు. మన ఖొండలైటు భూగర్భంలో కాగి, నలిగి రూపం మారిన రాయి. అదే రైల్లో రాజమండ్రి దాకా పోయి, గోదావరి దాటి, దేవరపల్లి దగ్గరి గౌరీపట్నం, దుద్దుకూరు క్వారీలకు వెళ్లాలి. అక్కడ కంకర కొట్టే నల్లరాయి పడమటి కనుమల వైపు నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్లు పారివచ్చిన దక్కన్ లావా అని శాస్త్రజ్ఞుల అంచనా. కింద ఒక లావా, పైన ఒక లావా. నడుమ సముద్రపు అంచున పేరుకున్న సున్నపురాయి, బంకమట్టి. ఈ నడిమి పొరలోని ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గురించి పరిశోధకులు నారాయణరావు, శ్రీపాదరావు 1930లలోనే రాశారు. పొర వయసు మీద వాదం మాత్రం చాలాకాలం తెగలేదు.

ఫొరామినిఫెరా ఏకకణ జీవి. సున్నంతో గూడు కట్టుకుని, పెరిగేకొద్దీ గదికి గది చేరుస్తుంది. అడుగున బతికేవి ఆ చోటి లోతు, ఉప్పదనం చెబుతాయి. నీటిలో తేలేవి సముద్రాలన్నిటా వ్యాపిస్తాయి కనుక కాలం చెబుతాయి.

రాయి మెత్తనిదైతే నానబెట్టి, విడగొట్టి, జల్లెడలో కడుగుతారు. మామూలుగా వాడే జల్లెడ కన్ను 63 మైక్రాన్లు. డైనోసార్లు అంతరించిన 6.6 కోట్ల ఏళ్ల నాటి ఉత్పాతం తర్వాత పుట్టిన తొలి జాతులు మరీ చిన్నవి. వాటి కోసం 38 మైక్రాన్ల జల్లెడ పట్టాలి. మన తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. ఆరిన ధూళిని నల్లటి పళ్లెంలో పలచగా చల్లి, సూక్ష్మదర్శిని కింద తడి కుంచె మొనతో ఒక్కొక్క గూటిని ఎత్తి, గళ్లు గీసిన స్లైడుపై అంటిస్తారు. ఒక నమూనాకు మూడు వందల దాకా లెక్కపెట్టడం ఆనవాయితీ. గట్టి సున్నపురాయి అయితే వెలుతురు దూరేంత పలచగా అరగదీయాలి. అప్పుడు గూడు మొత్తం కనబడదు, అడ్డంగానో ఏటవాలుగానో తెగిన కోత ఒకటే కనబడుతుంది. దాన్నుంచి పూర్తి ఆకారాన్ని మనసులో కట్టుకోవడం ఏళ్ల తరబడి చూసిన కన్నుకే సాధ్యం.

ఇక జాతి తేల్చడం. పార్వులారుగోగ్లోబిజెరినా యూగుబినా అనే జాతిని చూడండి. ఒంటి కంటే పేరే పెద్దది. లూటర్‌బాకర్, ప్రెమోలి సిల్వా 1964లో ఇటలీలోని గుబ్బియో ఊరి మీదుగా ఆ పేరు పెట్టారు. దీని గదులు నత్తగుల్లలా చుట్టు తిరుగుతాయి. చివరి చుట్టులో తరచు ఆరో ఏడో ఉంటాయి. గోడ నున్నగా ఉంటుంది. ఉత్పాతాన్ని తట్టుకుని బతికిన గుంబెలిట్రియా పక్కన పెడితే తేడా ఇట్టే తెలుస్తుంది: దాని గదులు మూడు వరసల్లో ద్రాక్షగుత్తిలా పేరుకుంటాయి. అసలు చిక్కు దగ్గరి చుట్టాలతోనే. గూటి నోరు నిలువుగా సాగి, ఒళ్లు అణిగిన రూపాన్ని బ్లో అనే శాస్త్రజ్ఞుడు 1979లో లాంజియాపెర్చురా అని వేరు చేశాడు. అది వేరే జాతి అని కొందరు, యూగుబినాలోనే ఒక రకం అని మరికొందరు అంటారు. నాలుగు గూళ్లు చూసి తీర్పు చెప్పలేం. వందలు వరసగా పేర్చి, నోరు ఎక్కడ సాగడం మొదలైందో చూడాలి.

ఇంత నేర్పూ 2008లో మన గోదావరి పక్కన ఫలించింది. గెర్టా కెల్లర్, థియరీ అడాట్, సిల్వియా గార్డిన్, అన్నకియారా బార్టొలీని, సునీల్ బాజ్‌పాయ్ రాజమండ్రి క్వారీలను పరిశీలించి, కింది లావా మీద నేరుగా కూర్చున్న పొరలో పి1ఏ మండలపు జాతులు ఉన్నాయని ప్రకటించారు. యూగుబినా బతికిన కాలమే ఆ మండలం. అంటే కింది లావా చల్లారాక అక్కడ తేలినవి ఉత్పాతం తర్వాతి తొలి తరాలు. దక్కన్ లావా ప్రధాన ఉద్ధృతి ఆ ఉత్పాతం దగ్గరే ముగిసిందని వారి నిర్ణయం. వినాశానికి కారణం లావానా, ఆకాశం నుంచి పడ్డ గ్రహశకలమా అన్న వాదం ఇంకా నడుస్తూనే ఉంది. పొర వయసు చెప్పినవి మాత్రం ఈ గూళ్లే.

ఈ పనిలో నాకు బాగా నచ్చేది అనుమానం. పాత పొర కోసుకుపోయి కొత్త పొరలో కలిస్తే పాత గూళ్లూ వెంట వస్తాయి. అందుకే మంచి పనివాడు గూడు దొరకగానే సంబరపడడు. అరిగిందా, రంగు మారిందా, పక్కనున్న వాటితో కాలం కలుస్తోందా అని అడుగుతాడు.

భూగర్భశాస్త్రం చదివే మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకు ఒక మాట. క్వారీలో పని సాగేకొద్దీ రాయి తరిగిపోతుంది. వీలున్నప్పుడే రాజమండ్రి వెళ్లి ఆ నడిమి పొరను చూసి రండి. ఎప్పుడైనా అలాంటి మట్టి కడిగితే, 63 మైక్రాన్ల జల్లెడ కిందికి జారిన ధూళిని పారబోయకండి.