ఆరు గదుల తుపాకీలో ఐదు తూటాలు

మన సినిమా కౌబాయ్‌కి తూటాలు అయిపోవు. 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు' కోసం కృష్ణ టోపీ పెట్టి గుర్రమెక్కిన దగ్గర్నుంచి, 'కొదమ సింహం' చిరంజీవి మీదుగా 'టక్కరి దొంగ' మహేశ్ బాబు దాకా ఎవరి నడుము చూసినా అక్షయ తూణీరమే. అమెరికాలో వేలమంది అదే వేషం కట్టి, నిజం తుపాకులతో, నిజం తూటాలతో ఆడే ఆట ఒకటుంది. కౌబాయ్ యాక్షన్ షూటింగ్ అంటారు. దాని ప్రధాన నియమం సినిమాకి పూర్తిగా అడ్డం తిరుగుతుంది: ఆరు తూటాలు పట్టే రివాల్వర్‌లో ఐదుకి మించి పెట్టకూడదు.

కారణం తుపాకీలోనే ఉంది. 1873లో కోల్ట్ కంపెనీ తెచ్చిన సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్‌లో, తూటాని పేల్చే సూది వెనక ఉండే సుత్తికే, అంటే హ్యామర్‌కే, అమరి ఉంటుంది. హ్యామర్ దించి ఉన్నప్పుడు ఆ సూది మొన తూటా వీపుని దాదాపు ఆనుకునే ఉంటుంది. తుపాకీ చేజారి హ్యామర్ నేలకు తగిలితే చాలు, పేలిపోవచ్చు. అందుకే తెలిసినవాళ్ళు హ్యామర్ కింది గదిని ఖాళీగా ఉంచుకునేవారు. ఆనాటి జాగ్రత్తే ఈనాటి ఆటలో చట్టమైంది. రూగర్ కంపెనీ వకేరో లాంటి కొత్త రివాల్వర్ల లోపల ఈ ప్రమాదం రాకుండా వేరే ఏర్పాటు ఉంది, ఆరూ నింపినా భయం లేదు. అయినా వాటికీ ఐదే.

కోల్ట్‌ని నింపే తీరు చూడముచ్చటగా ఉంటుంది. హ్యామర్‌ని సగం దాకా లాగి ఆపితే తూటాల గదులున్న సిలిండర్ చేత్తో తిప్పడానికి వదులవుతుంది. కుడిపక్కన ఉన్న చిన్న తలుపు తెరిచి ఒక తూటా వేస్తారు. తర్వాతి గదిని వదిలేస్తారు. ఆపైన వరసగా నాలుగు. తలుపు మూసి, హ్యామర్‌ని పూర్తిగా వెనక్కి లాగి, బొటనవేలితో గట్టిగా పట్టుకుని మెల్లగా దించితే అది సరిగ్గా ఖాళీ గది మీద కూర్చుంటుంది. ఇదంతా జరిగేది లోడింగ్ టేబుల్ దగ్గర, ఇంకొకరు చూస్తుండగా. ఆ బల్ల, తన వంతు వచ్చినప్పుడు నిలబడే గీత, ఈ రెండూ తప్పితే మైదానంలో ఎక్కడా ఎవరి తుపాకీలోనూ తూటా ఉండటానికి వీల్లేదు. కాల్చడం అయిపోగానే అన్‌లోడింగ్ టేబుల్‌కి వెళ్ళి నాలుగు తుపాకులూ ఖాళీ అని చూపించాలి.

నాలుగేమిటంటారా? రెండు రివాల్వర్లు, ఒక రైఫిల్, ఒక షాట్‌గన్. ఈ ఆటలో ప్రతి మనిషికీ కావలసిన సరంజామా ఇది. నమూనాలు 1899కి ముందువి కావాలి. అసలు పాతవే అక్కర్లేదు, నకళ్ళు చాలు. ఇటలీలో ఉబెర్టీ లాంటి కంపెనీలు అచ్చంగా ఆ నకళ్ళ మీదే పేరు తెచ్చుకున్నాయి. రివాల్వర్ సింగిల్ యాక్షన్ అయ్యుండాలి, అంటే ప్రతి దెబ్బకీ హ్యామర్‌ని బొటనవేలితో లాగాల్సిందే. రైఫిల్ చాలామందికి 1873 వించెస్టరే. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న లివర్‌ని కిందికీ పైకీ ఆడిస్తే పాత ఖోళీ బయటపడి కొత్త తూటా లోపలికి వస్తుంది. షాట్‌గన్ అయితే పక్కపక్కన రెండు గొట్టాలున్నది గానీ, జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1887 లివర్ రకం గానీ, 1897 పంప్ రకం గానీ. జంట గొట్టాల షాట్‌గన్‌లో ఖోళీలు వాటంతటవే ఎగిరిపడే ఏర్పాటు ఉండకూడదు. అందుకని ఆటగాళ్ళు గొట్టాల లోపలి గదుల్ని అద్దంలా నునుపు చేయించుకుంటారు. తుపాకీని మడిచి ఒక్క విదిలింపు విదిలిస్తే రెండు ఖోళీలూ భుజం మీదుగా వెనక పడతాయి. ఆ లోపలే రెండో చెయ్యి నడుంపట్టీ నుంచి రెండు కొత్త తూటాలు ఒక్కసారే లాగుతుంది. ఆటలో ఎక్కువ సమయం పోయేది, ఆదా అయ్యేది ఇక్కడే. కొత్తవాళ్ళు రివాల్వర్ మీద మోజుతో వస్తారు, గెలిచేవాళ్ళు షాట్‌గన్ నింపడం సాధన చేస్తారు.

ఇదంతా ఒక టీవీ సినిమాతో మొదలైంది. 1981లో దక్షిణ కాలిఫోర్నియాలో హార్పర్ క్రీ అనే ఆయన పాత వెస్టర్న్ సినిమా చూస్తూ, ఈ తుపాకులతో పోటీ పెడితే ఎలా ఉంటుందని మిత్రుల్ని పోగేశాడు. మరుసటి ఏడు కోటో డి కాజాలో 'ఎండ్ ఆఫ్ ట్రెయిల్' పేరుతో తొలి పోటీ జరిగింది. 1987లో సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ ఏర్పడింది. ఎండ్ ఆఫ్ ట్రెయిల్ ప్రపంచ పోటీగా ఎదిగి న్యూ మెక్సికోలోని ఎడ్జ్‌వుడ్‌కి, అక్కడి నుంచి అరిజోనాకి మారింది. సొసైటీలో చేరేవాళ్ళు ఒక మారుపేరు ఎంచుకోవాలి. ఒకరు తీసుకున్న పేరు ఇంకొకరికి ఇవ్వరు. క్రీ పెట్టుకున్నది జడ్జ్ రాయ్ బీన్. పరిచయాలూ ఫలితాలూ ఆ పేర్లతోనే.

పోటీలో ఒక్కో ఘట్టాన్ని స్టేజ్ అంటారు. చెక్కలతో కట్టిన సెలూన్ అనే సారాకొట్టు ముఖద్వారమో, జైలు కిటికీయో, బ్యాంకు గల్లాయో ఉంటుంది. ఆటగాడు ఏదో సినిమా డైలాగ్ చెప్తాడు. వెనకున్న టైమర్ మనిషి "స్టాండ్ బై" అనగానే చేతిలోని యంత్రం కూస్తుంది. ఇక ఒక మామూలు స్టేజ్‌లో రైఫిల్‌తో పది, రివాల్వర్లతో ఐదేసి, షాట్‌గన్‌తో నాలుగు దెబ్బలు ఉంటాయి. ఎదురుగా ఉన్నవి ఇనుప పలకలు, రివాల్వర్‌కి ఏడెనిమిది గజాల దూరంలో. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో నడిమి చుక్క అర మిల్లీమీటరు. ఇక్కడి పలక భోజనం పళ్ళెం కంటే పెద్దది. తప్పడమే కష్టం అనిపిస్తుంది. చిక్కంతా వేగంలో ఉంది, వరసలో ఉంది.

వరసంటే ఏ పలక తర్వాత ఏ పలక అన్నది. మూడు పలకల మీద ఐదు దెబ్బలు 'నెవాడా స్వీప్'గా కొట్టాలంటే ఒకటి, రెండు, మూడు, రెండు, ఒకటి. కాగితం మీద చిన్నపిల్లల ఎక్కం. కూత వినపడ్డాక, పక్కన సెకన్లు పరిగెడుతుంటే మూడు దగ్గర చెయ్యి రెండుసార్లు ఆడేస్తుంది. అప్పుడది ప్రొసీజరల్, పది సెకన్ల జరిమానా. పలక తగలకపోతే ఐదు సెకన్లు. మేటి ఆటగాళ్ళు రైఫిల్‌తో పది దెబ్బల్నీ మూడు సెకన్లలో ముగిస్తారు, మొత్తం స్టేజ్‌ని పదిహేను సెకన్ల చుట్టుపక్కల. ఆ లెక్కలో ఒక్క గురి తప్పితే ఎంత నష్టమో ఊహించుకోండి. అర సెకను మిగుల్చుకోబోయి ఐదు పోగొట్టుకున్న ముఖాలు ప్రతి పోటీలోనూ కనిపిస్తాయి. ఒక్కటీ తప్పకుండా, ఏ జరిమానా పడకుండా మొత్తం పోటీని ముగించడాన్ని 'క్లీన్ మ్యాచ్' అంటారు. వేగంలో వెనకబడ్డవాళ్ళకి కూడా అది పెద్ద గౌరవం.

గురి తగిలిందా లేదా అని ముగ్గురు స్పాటర్లు చూస్తారు. ఇద్దరు తప్పిందంటేనే తప్పినట్టు, అనుమానముంటే లాభం ఆటగాడిదే. ఈ స్పాటర్లు, టైమర్ మనిషి, లెక్కలు రాసేవాళ్ళు, నేలరాలిన ఖోళీలు ఏరేవాళ్ళు అందరూ ఆటగాళ్ళే. జట్టుని పోసీ అంటారు, వంతు కాని వేళ ఏదో ఒక పని నెత్తినేసుకోవాలి. పని తప్పించుకు తిరిగేవాడికి మర్యాద దక్కదు.

భద్రత విషయంలో ఈ సరదా మనుషులు సుంకం వసూలు చేసేవాళ్ళలా కరకుగా మారిపోతారు. ఖాళీ తుపాకీ చేజారితే ఆ స్టేజ్ పోయినట్టే. నిండు తుపాకీ జారితే పోటీ నుంచే ఇంటికి. హ్యామర్ లాగి ఉన్న తుపాకీతో అడుగు కదపకూడదు. సినిమాలో హీరో ఎడమ అరచేత్తో హ్యామర్‌ని టపటపా కొట్టుకుంటూ కాల్చే విద్య ఉందే, అది కూడా ఇక్కడ స్టేజ్ పోగొట్టే నేరం. తూటాలకు రాగి పూత ఉండకూడదు, మెత్తని సీసమే వాడాలి. ఇనుప పలక మీద సీసం చితికి రాలిపోతుంది, గట్టి తూటా అయితే వెనక్కి ఎగిరి రావచ్చు. వేగానికీ హద్దు ఉంది, రివాల్వర్ తూటా సెకనుకి వెయ్యి అడుగులు దాటకూడదు. వేషం పాతకాలానిదే కావాలని బేస్‌బాల్ టోపీని, వెల్‌క్రోని వద్దనే ఈ నియమావళి కళ్ళద్దాల్ని మాత్రం తప్పనిసరి చేసింది, చూడవచ్చినవాళ్ళకి కూడా.

నాకు బాగా నచ్చినది ముప్పై సెకన్ల శిక్ష. దాని పేరే 'స్పిరిట్ ఆఫ్ ద గేమ్'. పది సెకన్లు పోతే పోయాయిలే అని లెక్కగట్టి, కావాలనే వరస మార్చి కాల్చి లాభపడదామనుకునే తెలివిపరుల కోసం అది. చట్టంలో కంత వెతికేవాడికి చట్టమే కంత పూడ్చి పెట్టింది.

ఈ ఆట చరిత్ర కాదని, చరిత్ర మీద తీసిన సినిమా అని గొణిగేవాళ్ళున్నారు. వాళ్ళ మాట నిజం. అసలు ఆనాటి అమెరికా పశ్చిమాన ఊళ్ళలోకి తుపాకీతో రాకూడదన్న నిషేధాలు ఉండేవి. 1881 అక్టోబర్ 26న టూంబ్‌స్టోన్ అనే ఊళ్ళో జరిగిన ఓకే కొరాల్ కాల్పులకి వంకైనది అలాంటి నిషేధమే. ఆటలో ఉన్నంత మంది తుపాకీ వీరులు ఆనాటి ఏ ఊళ్ళోనూ కలిసి కనపడి ఉండరు. కానీ ఆనాటి తుపాకీ చేతిని ఎలా నడిపించేదో పుస్తకం చెప్పలేదు. అది ఇక్కడ తెలుస్తుంది.

ముఖ్యంగా పొగ ఆటగాళ్ళ దగ్గర. వయసుని బట్టీ, కాల్చే తీరుని బట్టీ ఈ పోటీలో విభాగాలు చాలా ఉన్నాయి. ఒంటిచేత్తో కాల్చేవాళ్ళు డ్యూయలిస్టులు. రెండు చేతుల్లో రెండు రివాల్వర్లు పట్టేవాళ్ళు గన్‌ఫైటర్లు. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపిన పాత తుపాకీమందే వాడేవాళ్ళకి వేరే విభాగాలు. అందులో ఫ్రాంటియర్స్‌మన్ అనేవాళ్ళయితే లోహపు తూటాలకి ముందటి రివాల్వర్లు పడతారు. ఒక్కో గదిలో మందు పోసి, సీసపు గుండు కూరి, వెనక చిటికెడంత క్యాప్ తొడగాలి. మన ఏజెన్సీ ఊళ్ళలో నాటు తుపాకీ నింపడం చూసినవాళ్ళకి ఈ వరస కొత్త కాదు. మొదటి రెండు దెబ్బలకే తెల్లటి పొగ ముందుకి దుప్పటిలా పరుచుకుంటుంది, గాలి లేని రోజు మూడో పలక ఎక్కడుందో గుర్తుతో కొట్టాల్సిందే. కోల్ట్‌నీ, వించెస్టర్‌నీ తయారుచేసింది ఈ మందుకోసమే, పొగరాని మందు తర్వాత వచ్చింది. దీని మసి తేమను పీల్చి ఇనుముని తినేస్తుంది కాబట్టి, కాల్చిన నాడే సబ్బునీళ్ళతో తుపాకుల్ని విప్పి కడగాలి. మిగతావాళ్ళు రాత్రి భోజనాల దగ్గర బహుమతులు అందుకుంటుంటే, వీళ్ళు మోచేతుల దాకా నల్లబడిన చొక్కాలతో ఆలస్యంగా వస్తారు. ఎందుకింత శ్రమ అని అడిగితే, పొగ లేనిదే కాల్చినట్టు ఉండదంటారు.