నర్సుల హస్తకౌశలము

కడపటి ఖలీఫా కుమార్తెయై జనించి, 1931లో నిజాము కోడలైన దుర్రు షెహ్వార్ నామధేయమున హైదరాబాదు పాతనగరమందలి పురానీ హవేలీ చెంత వెలసిన పిల్లల ఆసుపత్రిని తలచినపుడెల్ల, రాజవంశ వైభవముకంటె నర్సుల హస్తకౌశలమే నా మనస్సునకు ముందుగా స్ఫురించును. వాంతులు విరేచనములతో సొమ్మసిల్లిన పసికందు నరము నూలుపోగువలె సన్నబడి కంటికి గానరాదు. నర్సు ఆ చిట్టి చేతిని తన అరచేత వెచ్చజేసి, వ్రేలికొనతో తడవి తడవి జాడ తెలిసికొని, సూది జొనిపి, నెత్తుటి చుక్క అగపడగనే మెత్తని గొట్టమును లోనికి జరిపి, సూదిని వెలికి దీసి, అట్టముక్క ఊతగా పట్టీ చుట్టును. ఎంతటి ఓర్పు! పిదప సెలైను: పెద్దలకువలె గాక, 60 చుక్కలకొక మిల్లీలీటరు చొప్పున, బిడ్డ బరువునుబట్టి లెక్కించి విడువవలెను, అధికమైనను అపాయమే.

బురఖాలోని తల్లితో “బస్, హోగయా అమ్మా” అనియు, ప్రక్కమంచము కడనున్న పాలమూరు కూలితల్లితో “పాలివ్వచ్చునమ్మా, భయపడకు” అనియు ఆ నర్సు నోరే పలుకును. ఆ రెండు మాటలకై రాత్రియెల్ల మేలుకొన్న తల్లులెందరో! వరండాలో మందుల చీటీ పట్టుకొని నిలిచిన తండ్రికి సైతము, ఏ మందు ఎపుడు వేయవలెనో ఆమెయే విడమరచి చెప్పును.