'నిరాభరణ' సంపుటము

బీటిల్స్ బృందమువారి 'లెట్ ఇట్ బీ' గీతసంపుటము 1970లో వెలువడినది. అందు ఫిల్ స్పెక్టర్ చేర్చిన వాద్యమేళమును, స్త్రీకంఠముల బృందగానమును తొలగించి, 'నేకెడ్' అను మాట తగిల్చి 2003లో మరల ప్రకటించిరి. ఇదియే మూలస్వరూపమని విమర్శకులు కొందరు మెచ్చుకొనిరి. నాకా మెప్పు సమ్మతము కాదు.

స్పెక్టర్ పూత దట్టమైనదే. 'ది లాంగ్ అండ్ వైండింగ్ రోడ్' పాటపై మోపిన ఆ బరువునకు దాని కర్త మకార్ట్‌నీయే అభ్యంతరము తెలిపెను. అంతవరకు ఒప్పుదును. కాని క్రొత్త సంపుటమున వినబడునది పూత కడిగిన ఆ గానమే కాదు. 1969 జనవరి 31న పాడిన వేరొక పాఠము. 'డోంట్ లెట్ మీ డౌన్' అన్ననో, ముందునాడు మేడమీద రెండుమార్లు పాడినదానిని అతికి ఒక్కటి చేసినది. మన తాళపత్ర పరిష్కర్త యెవడైన రెండు ప్రతులను కలిపి, పాఠాంతరములు చూపక, కవి స్వహస్తలిఖితమని అచ్చొత్తించినచో మనమూరకుందుమా?

పాటల నడుమ వారాడుకొన్న మాటలను, 'డిగ్ ఇట్', 'మ్యాగీ మే' అను తునుకలను గూడ తీసివేసిరి. ఆ నలుగురి విసుగును, చనువును తెలుపునవి అవియే. వానిని నిలిపినవాడు, ఇంత నింద మోసిన స్పెక్టరే! మేడమీది కచేరి ముగియగా లెనన్ విసరిన పరిహాసమును అతడు మరియొకనాటి పాట చివర అతికించెను, నిజమే. ఐనను 1970 ప్రతిలో అది వినబడును. 2003 ప్రతిలో లేదు.