కోయకుండా వదిలిన చెక్కలోనే పనితనం

కంచికచర్ల మెట్టలో చెట్లు కొట్టేవాళ్లకు కొదవ లేదు. పేపరు మిల్లులకు పోయే సుబాబుల్ తోటలున్న ప్రాంతం ఇది. వరసగా నిలబడ్డ సన్నటి మానులను నరికి లారీకెక్కించడం ఒళ్లు హూనమయ్యే పనే, కాదనను. కానీ పొలంలో మాను ఎటు ఒరిగినా ఎవరికీ నష్టం లేదు. అదే ముఠాను పెంకుటింటి చూరు మీదికి వాలిన పాత చింత కింద నిలబెట్టండి. పక్కన కరెంటు తీగ, కింద నీళ్ల తొట్టి, ఆవల ఎదురింటి ప్రహరీ. ఒక్క పెంకు కదలకుండా కొమ్మ నేలకు రావాలి. నరకడం వేరు, దించడం వేరు అని అప్పుడు తెలుస్తుంది. కంచికచర్ల నుంచి నందిగామ, జగ్గయ్యపేట దాకా ఇళ్ల మధ్య చెట్లు దించే మేస్త్రీలున్నారు. నా దృష్టిలో వాళ్లు శిల్పులకు ఏమాత్రం తీసిపోరు.

ముందు బరువు సంగతి. అడుగు మందం, పది అడుగుల పొడవున్న పచ్చి కొమ్మ రెండు క్వింటాళ్లకు పైమాటే. రెమ్మలు, ఆకులు దీనికి అదనం. నిపుణుడైన మేస్త్రి రంపం పట్టే ముందు చాలాసేపు చెట్టు చుట్టూ తిరుగుతాడు. ఏ కొమ్మ పుచ్చిపోయింది, బరువు ఎటు లాగుతోంది, ఏ పంగ ఎంత భారం మోస్తుంది, అన్నీ కిందనుంచే చూసుకుంటాడు. తీగ దగ్గరగా ఉంటే లైన్‌మన్ లైన్ క్లియర్ (ఎల్‌సీ) తీసుకుని సరఫరా ఆపించేదాకా చెట్టెక్కడు. ఆ నిదానం చూసి విసుక్కునే ఇంటి యజమానులకు నేను చెప్పేది ఒకటే. సగం పని అక్కడే అయిపోతోంది, ఓపిక పట్టండి.

తరవాత తాడు. మనిషిని కాచే తాడు వేరు, బరువు మోసే మోకు వేరు. ఈ రెండిటినీ ఒకటి చేసినవాడు మేస్త్రి కాడు. కోయబోయే కొమ్మకంటే ఎత్తులో గట్టి పంగ చూసి, దానికి గిలక కట్టి, మోకు ఒక కొసను కోయబోయే కొమ్మకు బిగించి, మిగతాదాన్ని గిలక మీదుగా కిందికి వదులుతారు. మోకు రెండో కొసను మాను మొదట్లో చుట్టి కిందివాడు పట్టుకుంటాడు. చూసేవాళ్లు కండబలం అనుకుంటారు కానీ ఇదంతా రాపిడి మహిమ. పద్దెనిమిదో శతాబ్దంలో ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త దీని లెక్క తేల్చాడు. చుట్టు పెరిగే కొద్దీ పట్టు కూడికగా కాదు, గుణకారంగా పెరుగుతుంది. తాడుకూ మానుకూ మధ్య రాపిడి గుణకం 0.25 అనుకుంటే ఒక్క చుట్టుకు పట్టు సుమారు 5 రెట్లు, రెండు చుట్లకు 23 రెట్లు, మూడు చుట్లకు 100 రెట్లు దాటుతుంది. అందుకే ఒక బక్క మనిషి రెండు క్వింటాళ్ల కొమ్మను చేతివేళ్ల పట్టుతో ఆపగలడు. ఆయిలర్ పేరు వినకపోయినా బెరడు నున్నగా ఉంటే మరో చుట్టు వేయాలనీ, ఉంచబోయే చెట్టయితే మోకు కింద గోనె పట్టా వేయాలనీ మన కిందివాడికి చెయ్యి చెబుతుంది.

గిలక దగ్గర ఇంకో మర్మం ఉంది. కొమ్మ ఒకవైపు లాగుతుంటే, కిందికి వచ్చే మోకు రెండోవైపు లాగుతుంది. 200 కిలోలు వేలాడితే గిలక మోసేది దాదాపు 400 కిలోలు. కొమ్మ కాస్త జారి పడి ఒక్కసారిగా ఆగితే ఆ కుదుపుకు భారం మరెన్నో రెట్లవుతుంది. అందుకే పైనుంచి “వదులు, వదులు… ఇక పట్టు బాబాయ్!” అని కేక పడితే, కిందివాడు బిగించి ఆపడు. మోకును కొంత జారనిస్తూ వేగాన్ని మెల్లగా చంపుతాడు. ముడి ఎక్కడ వేయాలన్నదీ విద్యే. కొసకు కడితే మొదలు ముందు దిగుతుంది. మొదట్లో కడితే కొస ముందు వాలుతుంది. రెండుచోట్లా కట్టి సమం చేస్తే కొమ్మ అడ్డంగానే కిందికొస్తుంది.

ఇక కోత. ఈ విద్యకు ప్రాణం అక్కడే ఉంది. కొమ్మ పోవాల్సిన దిక్కున ముందుగా ఒక గాటు పెడతారు, మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా. ఆపైన వెనకనుంచి రంపం నడుస్తుంది. రెండు కోతలూ కలవకముందే ఆగాలి. మధ్యలో మిగిలిన పలుచటి పట్టీ, మందంలో సుమారు పదో వంతు, తలుపుకు బందులా పనిచేస్తుంది. కొమ్మ దాని మీదే తిరుగుతుంది. గాటు మూసుకునేదాకా అదే పట్టుకుంటుంది. ఇంటి మీదున్న కొమ్మకు గాటు కిందివైపు కాకుండా పక్కన పెట్టి, పైనుంచి మోకు బరువు మోస్తుండగా నేలమీదనుంచి మరో తాడుతో కొసను లాగితే, కొమ్మ అడ్డంగా తిరిగి కప్పు మీదినుంచి ఖాళీ జాగాలోకి వస్తుంది. ఈ పని సవ్యంగా జరగడం ఒక్కసారి చూసినవాడు జన్మలో మరచిపోడు!

పట్టీ మందం అన్ని చెట్లకూ ఒకటి కాదు. చింతలో పేడు మెలిపడి ఉంటుంది, పలుచటి పట్టీ కూడా సాగి నిలుస్తుంది. మునగ కొమ్మ పుటుక్కున విరుగుతుంది, దాని పట్టీని నమ్మరాదు, భారమంతా మోకుదే. బాగా వాలిన మానుకు గాటు పెట్టకుండా వెనకనుంచి కోస్తే మాను నిలువునా చీలి, ఆ చీలిక కోసేవాడి ఛాతీని తాకుతుంది. ప్రాణాలు అలాగే పోతాయి.

చివరి కోత చెట్టు కోసం. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఒక మెడ ఉంటుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను కోసి పరిశీలించి, చెట్టు గాయాన్ని మనిషిలా మాన్పుకోదని, చుట్టూ గోడ కట్టి కుళ్లును బంధిస్తుందని నిరూపించాడు. ఆ మెడను కోసేస్తే గోడ బలహీనమవుతుంది. అందుకే మెడకు అవతల ముందు కింద గాటు, ఇంకాస్త దూరంలో పైకోత, బరువు పోయాక మెడను ఆనుకుని మూడో కోత. బెరడు ఒలిచిపోదు, చెట్టు బతుకుతుంది.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? చవక పెట్రోలు రంపం కొన్నవాడల్లా మేస్త్రి అయిపోయాడు. కొమ్మకు ఇనుప గొలుసు తగిలించి జేసీబీతో లాగుతున్నారు. రాపిడి వేడికి కరిగిపోయే నాసిరకం ప్లాస్టిక్ తాడుతో మనుషుల్ని పైకెక్కిస్తున్నారు. తీగలకు అడ్డమని నిండు వేపను మోడు చేసి పోతున్నారు. రంపాన్ని నేను తప్పుపట్టను, పని తెలిసిన చేతిలో అది వరం. పని రాని చేతికి కూలి తక్కువని పిలిచే మనదే తప్పు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కిస్తుంటే అందరం మురిసిపోయాం. మన వీధి చింతకు పద్ధతైన ఒక్క కోత కూడా ఇవ్వలేమా?

2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) చెట్టు కొట్టడానికి అనుమతి అడుగుతుంది. కొట్టేవాడికి పని వచ్చా అని అడగదు. పొరుగున కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు ఉంది, ఉండాలి కూడా. కొయ్యతోనే ప్రాణానికి తెగించి పనిచేసే ఈ మేస్త్రికి ఏ గుర్తింపూ లేదు. తెలంగాణలో 2024లో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. తాడు మీద బతుకు వేలాడేది తాటిచెట్లెక్కే వాళ్లకు మాత్రమేనా? మన దగ్గర చెట్లెక్కే మేస్త్రీలకూ నడుము పట్టీ, శిరస్త్రాణం, మంచి మోకు, బీమా ఇవ్వాలి. ఐటీఐల్లో ఈ విద్యకు పాత మేస్త్రీలనే గురువులుగా కూర్చోబెట్టాలి.

ప్రభుత్వం కదిలేలోపు మనం చేయగలిగింది ఒకటుంది. ఈసారి కొమ్మ కొట్టించేటప్పుడు కూలి ఎంత అని అడిగే ముందు మూడు సంగతులు అడగండి. నీ తాడు, బరువు తాడు వేరువేరుగా ఉన్నాయా? గాటు ఎటు పెడతావు? మోకు దేనికి చుడతావు? నోరు తిరగకపోయినా చేత్తో చూపించి చెప్పగలిగినవాడికి అడిగినంత ఇవ్వండి. చెప్పలేనివాణ్ని, సగం ధరకు చేస్తానన్నా సరే, మీ చెట్టు ఎక్కనివ్వకండి.