దానియేలు ప్రవచనమందలి కపటరాజు

దానియేలు గ్రంథమందలి పదునొకండవ యధ్యాయమును పంచాంగమువలె జదువువారు మనలో పెక్కురు గలరు. అందలి కపటరాజు ఫలానా దేశాధిపతియే యని వేలు చూపుదురు. ఆ యధిపతి గతించినంతనే మఱియొకనిని వెదకుదురు. ఈ పఠనపద్ధతి గ్రంథమునకును, పాఠకునకును గూడ హానికరమని మా యభిప్రాయము.

ఇచ్చకపు మాటలతో రాజ్యమును చేజిక్కించుకొనుట, పగవానితో నొక్క బల్లయొద్ద కూర్చుండి యసత్యము లాడుట, దేవాలయమును అపవిత్రపఱచుట - ఇవి యా రాజు లక్షణములు. క్రీ. పూ. 175 మొదలు 164 వఱకు సిరియా నేలిన నాలుగవ అంతియొకసునకు ఇవి సరిపోవునని చరిత్రకారు లందురు. క్రీ. పూ. 167లో నతడు యెరూషలేము దేవాలయమున నిత్యబలిని మాన్పించెను. అయితే అధ్యాయాంతమున రాజు సముద్రమునకును పరిశుద్ధ పర్వతమునకును నడుమ గుడారములు వేసి అంతమొందునట్లున్నది. అంతియొకసు చనిపోయినది పారసీకమున. ఈ భేదమును బట్టి విమర్శకులు గ్రంథరచనా కాలమును నిర్ణయించిరి. విశ్వాసులు పలువురు ఆ భాగమును రాబోవు కాలమునకు వర్తింపజేసిరి.

పేరు తేలినను తేలకున్నను గ్రంథసారము చెడదు. కపటమునకు గడువున్న దనుటయే యా సారము. నెబుకద్నెజరు పసులవలె గడ్డి మేసిన నాలుగవ యధ్యాయపు కథయు నిదియే చెప్పును: రాజ్యము రాజుది కాదు, అతని కీయబడినది.

మన భాగవతమందలి అష్టమ స్కంధమును దీని ప్రక్క నుంచి చూడుడు. అచ్చట రాజు సత్యసంధుడు. మాఱువేషము దాల్చినవాడు దేవుడు. బొంకినను దోషము లేదని శుక్రాచార్యు డుపదేశించినను బలి మాట తప్పడయ్యెను. రాజ్యము పోయెను, పేరు నిలిచెను. దానియేలునందలి కపటికి రాజ్యము దక్కెను గాని, గ్రంథమున పేరైన దక్కలేదు. కథలు వేఱైనను రాజును తూచు రాయి యొక్కటే; అది మాట.

ఈ రాతితోనే మా నల్లగొండ సీమ గతమును తూచవచ్చును. వెట్టిని నిషేధించుచు నిజాము ప్రభుత్వము ఫర్మానా వెలువరించెను. దొరల గడీలలో వెట్టి యట్లే సాగెను. కాగితముమీద దయ, పొలములో దండన - ఇదియు కపటపాలనయే. 1948 సెప్టెంబరు 17న నా పాలన ముగిసెను. భారతసైన్యము రాకమునుపే, 1930లో జోగిపేటలో తొలిసారి సమావేశమైన ఆంధ్రమహాసభయు, 1946లో కడవెండిలో ప్రాణమిచ్చిన దొడ్డి కొమరయ్య వంటివారును దాని నెదిరించిరి. జోస్యము ఫలించువఱకు వారు కూర్చుండలేదు.

అంతయు దైవాధీనమని చేతులు ముడుచుకొనువారికి గ్రంథమే యుత్తర మిచ్చుచున్నది. కపటరాజు కాలమున బుద్ధిమంతులు అనేకులకు బోధింతురనియు, అందుచే ఖడ్గమునకును చెఱకును లోనగుదురనియు నందు గలదు. గడువు నిర్ణయించుట దైవము పని. బోధించుట మనుష్యుని పని. మా చౌటుప్పల్ ప్రాంతమున గాని మఱియెచ్చట గాని ప్రవచనమును వ్యాఖ్యానించువారు, రాజు పేరును వెదకు శ్రమలో సగమైనను, పాలకుల కాగితమును చదివి పొలముతో సరిచూచుట జనులకు నేర్పుటలో వెచ్చింతురు గాక. ప్రవచనమునకు తగిన గౌరవ మదియే.